పిడికిలి బిగియని కుడిచెయ్యి

ఆవు బొమ్మ ఉన్న సీసా

ఆవు బొమ్మ ఉన్న సీసాలోంచి మందు సూదిలోకి లాగి, నా తొడకు నేనే పొడుచుకున్న మనిషిని నేను. ఒకసారి పొడుచుకుని ఉంటే తొందరపాటు అనొచ్చు. నెలల తరబడి పొడుచుకున్నాను కాబట్టి దానికి వేరే పేరు పెట్టాలి. ఆ పని మీకే వదిలేస్తున్నాను.

నేను పశువుల డాక్టరును. హోసూరు, తళి, మధ్యలో కొన్నాళ్ళు కల్లావి, ఇట్ల కృష్ణగిరి జిల్లాలోనే సర్వీసంతా తిరిగి రిటైరైనాను. ఈ పక్క తమిళంలో మాడు అంటే పశువు, మమ్మల్ని ‘మాట్టు డాక్టర్’ అంటారు. మా ఇంటామె శారద మాత్రం నన్ను మాటల డాక్టర్ అంటుంది. ఊరందరి పశువులకూ వైద్యం చెప్తాను, నా ఒంటి మాట వస్తే మాట మారుస్తాను అని ఆమె బాధ.

ఆ సీసాలో ఉన్నది ఆవులకు వాపు తగ్గడానికి వేసే స్టెరాయిడ్ మందు. ఆవు బరువుకు ఇంత అయితే నా బరువుకు ఎంత అని మనసులోనే భాగహారం చేసుకుని వేసుకున్నాను. భాగహారం సరిగ్గానే చేసినాను. బుద్ధి మాత్రం శేషం మిగల్లేదు.

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్ల డాక్టర్లు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. ఏ ఊరికి పోస్టింగు అడిగితే మంచిది, ఏ కోర్సు చేస్తే ముందుకు పోవచ్చు అని అడుగుతారు. వాళ్ళు అడగనిది ఒకటి ఉంది. ఈ పని ఒంటితో చేసే పని. ఒళ్ళు ఒక పొద్దు రాను అంటే ఏం చేస్తారు? నేనేం చేసినానో, ఎంత భయపడినానో ఈడ రాస్తాను. చదివి నవ్వుకోండి, నవ్వినాక గుర్తు పెట్టుకోండి.

వేళ్ళకే కళ్ళు

మా పనిలో సగం భుజం దాకా చెయ్యి ఆవు లోపల పెట్టి చేసేదే. చూడి కట్టిందా లేదా చూడాలన్నా, దూడ అడ్డం తిరిగితే సరిచేయాలన్నా, కళ్ళు బయటే ఆగిపోతాయి. లోపల చూసేవి వేళ్ళ కొసలే. ఇది గిట్ట, ఇది మోకాలు, ఇది ముక్కు అని చీకట్లో తడిమి చెప్పాలి. ఆవు ముక్కినప్పుడల్లా మన మణికట్టు దాని కటి ఎముకకూ దూడకూ మధ్య నలుగుతుంది. పళ్ళు బిగబట్టి ఆగాలి. అది వదిలినాక మళ్ళీ ముందుకు పోవాలి.

చెయ్యి తిరిగిన డాక్టరు అని నాకు పేరుండేది. ఆ చెయ్యి నిజంగానే తిరిగింది. ఎదురు తిరిగింది.

మొదట శారదే కనిపెట్టింది. ఒక పొద్దున చొక్కా వేసుకుని, గుండీలు పెట్టుకోకుండా కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను.

“ఏమట్ల నిలబడినారు? బస్సు కోసమా?”

“గాలి బాగుంది.”

“గాలి బాగుంటే గుండీలు పెట్టుకోకూడదా?”

వేళ్ళు మడవడం లేదని చెప్పలేకపోయినాను. రెండు చేతుల వేళ్ళూ మొదట్లో వాచి, లేచిన గంట సేపటికి గానీ వదిలేవి కావు. రోజురోజుకూ ఆ గంట సాగింది. కాఫీ గ్లాసు పట్టుకుంటే పట్టుకున్నట్టు తెలిసేది కాదు. కింద పడినాక తెలిసేది.

అప్పుడు నా పోస్టింగు తళిలో. ఎత్తు మీద ఊరు, చల్లగా ఉంటుంది, గులాబీలకు మంచిది. వాతావరణం అనే మాటలో వాతం ముందెందుకుందో నాకు తళిలోనే తెలిసింది. ఆవులేమో తెల్లవారుజామునే ఈనడానికి చూస్తాయి. నా వేళ్ళు సరిగ్గా ఆ టైముకే చెక్కలై ఉంటాయి. రోజూ సాయంత్రం ఫోను చూసి దండం పెట్టుకునేవాణ్ణి, పొద్దున ఎవరూ పిలవకూడదని. డాక్టరై ఉండి, పిలుపు రాకూడదని కోరుకునే బతుకు ఎంత హీనమో పడినవాడికే తెలుస్తుంది.

ఒక పొద్దు మోటారు సైకిలు మీద వాలు దిగుతుంటే ముందర మేకల మంద అడ్డం వచ్చింది. బ్రేకు నొక్కాలని బుర్ర చెప్పింది, వేళ్ళు వినలేదు. బండి పిడి మీద కొయ్య వేళ్ళలా నిలబడిపోయినాయి. కాలి బ్రేకు తొక్కి, పక్కకు జారి, కాలువ గట్టు మీద ఆగినాను. మేకలు నడిపించే ముసలాయన దగ్గరకొచ్చి, “ఏమప్పా, నిద్రపోతాండావా?” అన్నాడు. అవునన్నాను. నిద్ర అంటే పరువు నిలబడుతుంది. చేతిలో బలం లేదంటే పోతుంది. అప్పట్లో నా తెలివి అట్ల పని చేసేది.

కృష్ణగిరి మీటింగు

ఒకసారి మాత్రం ధైర్యం చేసినాను. నెలనెలా కృష్ణగిరిలో మా డాక్టర్లందరికీ మీటింగు ఉండేది. దాన్ని మా పై అధికారి నడిపేవాడు. ఆయన్ను పెద్దసారు అంటాను, చాలు. పశువు ముందర ఆయన గొప్ప డాక్టరు. ఆవు నాలుగు అడుగులు నడిస్తే ఏ కాలిలో ఏ కీలు నొప్పో చెప్పేవాడు. మనిషి నాలుగు మాటలు చెప్పినా నమ్మేవాడు కాదు.

తెల్లవారుజాము ఈత కేసులు నేనూ పక్క ఆసుపత్రి డాక్టరూ పంచుకుంటాము సార్, నాకు చేతి కీళ్ళు నొప్పిగా ఉండాయి అని లేచి చెప్పినాను.

“నొప్పులు ఆవుకా, నీకా?” అన్నాడు పెద్దసారు.

గది గదంతా నవ్వింది. నిజం చెప్పాలంటే నాకూ నవ్వొచ్చింది, మాట బాగుంది కాబట్టి. ఆయన అంతటితో ఆగి ఉంటే బాగుండేది.

“ఏదీ, పిడికిలి బిగించు, చూద్దాం.”

అందరూ నా చేతి వైపు చూసినారు. పిడికిలి పడదని నాకు తెలుసు. పడకపోతే అన్‌ఫిట్ అని రాస్తారు, ఆఫీసులో మూల కుర్చీ వేస్తారు, పశువును ముట్టనివ్వరు. చెయ్యి పెట్టని పశువుల డాక్టరు ఏం డాక్టరు? నాకు వేరే ఏ పనీ రాదు. చేతగానివాడు అనే మాట అంతవరకూ తిట్టనుకున్నాను. ఆ పొద్దు అది నా రోగం పేరులా వినిపించింది.

నా వేళ్ళకు మడవడమే కష్టం, చాపడం కాదు. చటుక్కున రెండు చేతులూ జోడించి, తల వంచి, “మీ దయ సార్” అన్నాను.

“అట్ల రా దారికి,” అని పెద్దసారు సంతోషపడి వేరే విషయానికి పోయినాడు. ఎంత వినయం అని పక్కనున్న డాక్టరు మెచ్చుకున్నాడు కూడా. నేను కూర్చుని చేతులు ఒళ్ళో దాచుకున్నాను. బస్సులో హోసూరు చేరేదాకా వాటిని బయటికి తీయలేదు.

మీరు రేపు పై అధికారులు అవుతారు. ఒక్క మాట చెప్తాను. నోరులేని పశువు నొప్పిని నడక చూసి నమ్ముతాము. నోరున్నవాడు నోరు తెరిచి చెప్తే సాకు అంటాము. ఇంతకన్నా పెద్ద తప్పు మా శాఖలో నేను చూడలేదు.

కళ వచ్చింది

ఆ వారమే మొదటి సూది వేసుకున్నాను. మరుసటి పొద్దున వేళ్ళు మడిచినాను, మడిచినాయి. గుండీలన్నీ నేనే పెట్టుకున్నాను. శారద చూసి ఆ పూట పెసరట్టు వేసింది.

కొన్నాళ్ళు రాజుగా తిరిగినాను. మొహం గుండ్రంగా, నున్నగా అయింది. “డాక్టరప్పకు కళ వచ్చిందే!” అని పాల కేంద్రంలో అందరూ అన్నారు. అది కళ కాదని, మందు తెచ్చిన వాపని చదువుకున్న నాకు తెలుసు. ఆవుకైతే ఇన్నాళ్ళు వేయనే వేయను. అయినా మళ్ళీ సూది తీసేవాణ్ణి. సీసా ఖాళీ అవుతుంటే గుండె దడ, నిండు సీసా చేతికొస్తే ఇంకో రకం దడ. శారద స్నానానికి పోయినప్పుడు తలుపు గడియ పెట్టుకుని దొంగలా పొడుచుకునేవాణ్ణి.

తర్వాత దాహం పట్టుకుంది. చెంబులు చెంబులు తాగినా తీరదు. చేతి మీద చర్మం సన్నబడి, తలుపు తగిలినా నల్లగా కమిలేది. ఒక దినం రక్తం చూపించుకుంటే షుగరు ఎక్కడికో పోయి ఉంది. హడలిపోయినాను. హడలినవాడు పోయి డాక్టరును అడగాలి కదా? నేను అడగలేదు. ఆ పూటే సూది ఆపేసినాను, ఒక్కసారిగా. ఆ మందు మెల్లమెల్లగా తగ్గించి ఆపాలి, ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి వస్తుందని రైతులకు చెప్పే నోరే ఇది.

తల తిరగడం, నీరసం. వేళ్ళు ముందుకన్నా గట్టిగా బిగుసుకున్నాయి. అట్లున్న ఒక తెల్లవారుజామున ఫోను మోగింది.

మునిరత్నమ్మ ఆవు

తళికి పైన ఒక పల్లెలో మునిరత్నమ్మ ఉండేది. గులాబీ తోటలో పూలు కోసే కూలికి పోయేది, మొగుడు లేడు. ఇంట్లో ఒకే ఒక జెర్సీ ఆవు. దాని పాలే ఆ ఇంటి రాబడి. రెండో ఈత. దూడ ముందు కాళ్ళు రెండూ బయటికి వచ్చి ఆగిపోయినాయి. తల రాలేదు.

చేతికి సబ్బు నీళ్ళు, నూనె రాసుకుని లోపలికి పోయినాను. తల వెనక్కు, పక్కటెముకల మీదికి తిరిగి ఉంది. నేను చేయాల్సింది తెలిసిన పనే. మెడ వెంబడి పోయి, కింది దవడ పట్టుకుని, తాడు వేసి, తలను ఇవతలికి తిప్పాలి. దవడ దాకా పోయినాను. పట్టుకోబోతే వేళ్ళు మూయలేదు. అప్పుడే ఆవు ముక్కింది.

మణికట్టు ఎముకకూ ఎముకకూ మధ్య ఇరుక్కుంది. కళ్ళ ముందర తెల్లటి వెలుగు. అరవకుండా కొట్టం స్తంభానికి తల ఆనించినాను. ఆవు ఇప్పుడు కూలబడితే చెయ్యి లోపలే విరిగిపోతుంది. అది తెలుసు. తీద్దామంటే బలం లేదు, పెడదామంటే పట్టు లేదు.

“దూడ ఉండాదా అప్పా?” అని మునిరత్నమ్మ అడిగింది.

అది బతికుందో లేదో చూడడానికి ఒక పద్ధతి ఉంది. నోట్లో వేలు పెట్టాలి. బతికుంటే చప్పరిస్తుంది. ఆవు బిగువు వదిలినాక పెట్టినాను. ఏమీ తెలియలేదు. మళ్ళీ పెట్టినాను. ఏమీ లేదు.

“లేదమ్మా,” అన్నాను. “తల్లినైనా కాపాడుకుందాం.”

దూడ చచ్చిపోయి ఉంటే, తల్లి బతకాలంటే దూడను లోపలే తీగ రంపంతో కోసి ముక్కలుగా తీయాలి. మా పనిలో ఇంతకన్నా పాడు పని లేదు. ఆ రంపం లాగడానికి కూడా నా చెయ్యి చాలదు. అందుకని, అందుకు మాత్రమే, పక్క ఆసుపత్రి డాక్టరుకు ఫోను చేసినాను. ఆమె పేరు సెల్వి అనుకోండి. ఊత్తంగరై పక్క అమ్మాయి, ఇంట్లో తమిళం, మాతో తెలుగు. సర్వీసులో నాకన్నా చాలా చిన్నది. రంపం తీగ వేడినీళ్ళలో వేసి, దాన్ని చూస్తా కూర్చున్నాను.

సెల్వి స్కూటరు దిగి, తీగ వైపు చూసి, నా చేతి వైపు చూసింది. “ఒక తూరి నేను చూస్తాను సార్,” అని చెయ్యి పెట్టింది.

ఆమె మొహం మారిపోయింది.

“సార్, ఇది నా వేలు చప్పరిస్తా ఉండాది.”

ఆ మాట వినగానే పట్టిన భయానికి ఇంకే భయమూ సాటి రాదు. నా వేలును కూడా అది చప్పరించే ఉంటుంది. నా వేలికి తెలియలేదు, అంతే. ఇంకాసేపుంటే బతికున్న దూడ మెడకు తీగ వేసి ఉండేవాళ్ళం. నేను వేయించి ఉండేవాణ్ణి, చెయ్యి తిరిగిన డాక్టరును.

సెల్వి దవడకు తాడు వేసి తల తిప్పింది. మునిరత్నమ్మ, నేను కాళ్ళు పట్టి లాగినాము. నేను మోచేతులతో లాగినాను. పెయ్యదూడ. గడ్డి మీద పడి, తల విదిలించి, తుమ్మింది. అది చూసి నేను దాని పక్కనే గడ్డి మీద కూర్చుండిపోయినాను.

మునిరత్నమ్మ అంతా విన్నది. కోప్పడుతుందనుకున్నాను. నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది.

“ఇదేందప్పా, నా ఆవు పొదుగు కన్నా నీ చెయ్యే వాచి ఉండాది! చెయ్యి బాగలేదని ముందే చెప్పుంటే, ఇంత కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి ఆయమ్మనే పిలిచుందుము కదా? చెప్పేదానికి ఏం నొప్పి నీకు?”

“సార్, ఎన్నాళ్ళుగా ఇట్ల?” అని సెల్వి అడిగింది.

ఇద్దరు ఆడవాళ్ళూ ఒక పెయ్యదూడా నా వైపు చూస్తుంటే అబద్ధం రాలేదు. చేతులెత్తేసినాను, ఎంతవరకు లేస్తే అంతవరకు.

మనుషుల డాక్టరు

ఇంటికొచ్చి చెప్పగానే, మరుసటి దినమే శారద నన్ను హోసూరులో కీళ్ళ డాక్టరు దగ్గరకు తీసుకుపోయింది. చిన్న వయసు అబ్బాయి. పశువుల పనివాణ్ణని తెలిసి, ముందు పశువుల నుంచి అంటుకునే జ్వరమేమో అని పరీక్ష చేయించినాడు. అది కాదు. రుమటాయిడ్ అన్నాడు. మన ఒంటి కాపలాదారే మన కీళ్ళ మీద పడి కొరికే జబ్బు.

“ఇన్నాళ్ళూ ఏం వాడినారు సార్?”

శారద సంచిలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టింది. ఎక్కడ దాచినానో ఆమెకు ఎప్పటినుంచో తెలుసంట.

డాక్టరు దాన్ని తిప్పి తిప్పి చూసినాడు. “సార్, దీని మీద ఆవు బొమ్మ ఉంది.”

“అందుకే తగ్గించి వేసుకున్నాను,” అన్నాను.

ఆయన నవ్వలేదు. ఒక్కసారిగా ఆపడం వల్ల ఏమై ఉండేదో నెమ్మదిగా చెప్పినాడు. నాకు తెలిసినవే అన్నీ. రోగి కుర్చీలో కూర్చుని వింటే అవి కొత్తగా వినిపించినాయి. శారద నా చొక్కా అంచు పట్టుకుని కూర్చుంది.

వారానికొకసారి వేసుకునే మాత్ర ఇచ్చినాడు, మధ్య మధ్యలో రక్త పరీక్షలు, ఆపేసిన స్టెరాయిడ్ మళ్ళీ కొంచెం మొదలుపెట్టి మెల్లగా తగ్గింపు. గుణం కనిపించడానికి నెలలు పట్టింది. ఆ నెలల్లో వేళ్ళు మళ్ళీ వస్తాయో రావో అని రోజూ పొద్దున కళ్ళు తెరవకముందే దుప్పటి కింద మడిచి చూసుకునేవాణ్ణి. పూర్తిగా రాలేదు. ఉద్యోగానికి చాలినంత వచ్చినాయి.

మిగిలిన సర్వీసు వేరే రకంగా చేసినాను. సెల్వి, నేను మాట్లాడుకుని, ఎవరినీ అడగకుండా పని పంచుకున్నాము. తెల్లవారు ఈతలు ఆమెవి, మధ్యాహ్నం శిబిరాలు, ఆమెకు చిరాకు తెప్పించే మీటింగులు నావి. ఎడమ చెయ్యితో తడమడం నేర్చుకున్నాను, ముసలితనంలో ఓనమాలు దిద్దినట్టు. కొట్టంలో కాలు పెట్టగానే ముందు నాకు, తర్వాత ఆవుకు వేడినీళ్ళు అడిగేవాణ్ణి. ఏ ఇంట్లోనూ కాదనలేదు. నా వేలి మాట నేను ఒంటరిగా నమ్మడం మానేసినాను. దూడ లేదని చెప్పాల్సి వస్తే ఇంకొకరి వేలు కూడా పెట్టించేవాణ్ణి. భయం పోయిందని చెప్పను. భయాన్ని దాచుకోవడం పోయింది. దాచుకున్నప్పుడు అది రెండింతలు బరువు.

మీకు నొప్పి వస్తే మందు పెట్టె తెరవకండి, నోరు తెరవండి. ఇంతే నా ఉపదేశం. మాటల డాక్టరు కదా, మాటే మందు అంటాడు.

నమస్కారం

పెద్దసారు కూడా రిటైరై, బర్గూరు పక్క మామిడి తోపు చూసుకుంటా ఉన్నాడు. ఈ మధ్య ఒక పొద్దున కారులో మా ఇంటికొచ్చినాడు. ఊరికే చూసిపోదామని అన్నాడు. శారద కాఫీ ఇచ్చింది. ఆయన గ్లాసును వేళ్ళతో పట్టుకోలేదు. రెండు అరచేతుల మధ్య పెట్టుకుని ఎత్తినాడు. నేను చూసినాను. శారద నన్ను చూసింది.

ఆమె లోపలికి పోగానే ఆయన జేబులోంచి ఒక సీసా తీసినాడు. ఆవు బొమ్మ.

“నువ్వు ఇది వేసుకున్నావంట కదయ్యా. ఎంత వేసుకున్నావు?”

ఆయన గొంతు సన్నగా ఉంది. ఆ గొంతు నాకు తెలుసు. నాలో ఎన్నో నెలలు అదే ఉండేది.

“చెప్తాను సార్. కారెక్కండి.”

ఆ కీళ్ళ డాక్టరు దగ్గరకే తీసుకుపోయినాను. దారంతా, “ఏమీ లేదులే, వయసు నొప్పులు” అంటానే ఉన్నాడు. లోపల కూర్చున్నాక కూడా అదే మాట.

“ఒకసారి పిడికిలి బిగించండి సార్, చూద్దాం,” అన్నాడు డాక్టరు.

పెద్దసారు మొహంలో రంగు మారింది. తర్వాత చల్లగా నవ్వి, చేతులు రెండూ జోడించి, తల వంచి, “అంతా మీ దయ డాక్టర్ గారూ,” అన్నాడు. అంత పెద్దాయన అట్ల దండం పెట్టేసరికి డాక్టరు మొహమాటపడి, తనూ దండం పెట్టి, కలం తీసుకోబోయినాడు.

నేను మర్యాదస్తుణ్ణే. సర్వీసంతా ఆయన ముందర నోరెత్తలేదు.

“డాక్టర్ గారూ, అది నమస్కారం కాదు,” అన్నాను. “చేతులు విడదీసి చూడండి.”

పెద్దసారు మెల్లగా నా వైపు తిరిగినాడు. చాలాసేపు చూసినాడు. ఏదో గుర్తుకొచ్చింది.

“ఆ పొద్దు మీటింగులో నువ్వు పెట్టింది...”

“అదీ కాదు సార్.”